తలుపుల యూరు, ఆవిరి యూరు

కూతురి పురిటికో కోడలి పురిటికో సముద్రములు దాటి పోవు తల్లులు నేడు మన తెలుగిండ్లలో అరుదు కారు. పొడులును, పసిబిడ్డకు మెత్తని పాతచీరల గుడ్డలును సర్దుకొని పోవుదురు. ఆరు మాసములు వండి వార్చి, బిడ్డకు నూనె రాచి నీళ్ళు పోసి, మరల తిరిగి వత్తురు. "ఆ దేశమెట్లున్నది వదినా?" అని పొరుగువారడిగినచో, "ఏమున్నదమ్మా! చలి యెక్కువ. వంటింటి కిటికీలోనుండి చూచిన ఎదురింటివారి కంచె కనబడును" అని చెప్పి ఊరకుందురు. ఇది పరిహాసమునకు వ్రాయుచున్న మాట కాదు. న్యూజీలండు దేశములోని ఆక్లండు నగరమున మా పెద్దమ్మాయి యింట మేము గడపిన మొదటి రెండున్నర మాసములును ఇట్లే గడచినవి.

అందులకు ఎవరిని తప్పుపట్టుటకును వీలులేదు. అల్లుడుగారి సెలవు తీరిపోయినది. అమ్మాయి పచ్చి బాలింతరాలు. "అందరము కలిసి ఒకనాడు పోవుదము" అని మూడు మారులు అనుకొంటిమి. మూడు మారులును పసివానికి జలుబో, మరియొకటో అడ్డు వచ్చినది. తుదకు అమ్మాయియే ఒక యేర్పాటు కనుగొనినది. పదునొకండుగురు మాత్రమే కూర్చుండదగిన చిన్న వాను. తోలువాడే దారిపొడుగునను విశేషములు చెప్పును. ఉదయము ఆరున్నరకు ఎక్కించుకొని రాత్రి ఏడున్నరకు ఇంటికి చేర్చును. సినిమాకొరకు కట్టిన యొక బొమ్మలయూరును, నేలలోనుండి వేడినీరు చిమ్ము రోటోరువా ప్రాంతమును ఒక్కదినములోనే చూపుదురు.

"అమ్మా, నీవొక్కతెవే పోయి రాగలవా?" అని అడిగెను.

"నాకెందుకే?" అంటిమి. సోదరీమణులారా, ఈ మాట మనకు ఎంత సులభముగా నోట వచ్చునో మీరెరుగుదురు. వారి యింగ్లీషు మాకు తెలియదంటిమి, తిండి పడదంటిమి, ఎచ్చటనైన తప్పిపోయిన గతి యేమంటిమి, ఇంత డబ్బు పోసి కొండలును నీళ్ళును చూడవలయునా యంటిమి. అమ్మాయి కొంచెము సేపూరకుండి, "నేను ఈ దేశమునకు వచ్చి నాలుగేండ్లయినను అవి చూడలేదు. నీవు చూచి వచ్చి నాకు చెప్పుము" అనెను. ఆ మాటకు మాత్రము మాకు జవాబు దొరకలేదు. మాకు వలెనే "నాకెందుకే" యనబోవు తల్లులకొరకు ఈ మాసపు పుటను వినియోగించుచున్నాము.

మార్చి మాసము. అచ్చట ఋతువులు మనకు తలక్రిందులు గనుక అది శరత్కాలము. చీకటి విడకముందే పులిహోర డబ్బాయు, పెరుగన్నపు డబ్బాయు సంచిలో పెట్టుకొని వానెక్కితిమి. లోపల మాతో కలిపి తొమ్మండుగురు. ఏబదిమంది యెక్కు పెద్ద బస్సులో మనమొక టిక్కెట్టు మాత్రమే. చిన్న వానులో మనమొక మనిషి. అరగంటలో ఒకరి యూరు ఒకరికి తెలిసినది. వెనుకవరుసలోని వృద్ధ దంపతులు మా డబ్బాలలో నేమున్నదని అడిగిరి. డ్రైవరు మా మాట రెండవమారు చెప్పించుకొనెనే గాని విసుగుకొనలేదు. మా యింగ్లీషు అతనికెంత క్రొత్తయో, అతని యింగ్లీషు మాకంత క్రొత్త. ఇద్దరమును సమానులమైతిమి.

నగరము దాటగానే మొదట తగిలిన గుట్టలపేరు విని ఉలికిపడితిమి. అవి బొంబాయి గుట్టలట! 'బొంబాయి' యను పేరుగల యోడలో వలసవచ్చిన యింగ్లీషువారు అచ్చట కాపురముండి, తమ్ము తెచ్చిన యోడపేరు ఆ చోటికి పెట్టుకొనిరట. పుట్టినింటి వస్తువును అత్తవారింట చూచినట్లు మా మనసు నెమ్మదించినది. ఆపైన వైకాటో నదియు, పచ్చికబయళ్ళును, పాడియావులును. రెండుగంటలకు మటమట యను పట్టణము వచ్చినది. పేరు వినగానే వేడినీళ్ళ బుగ్గలు ఇచ్చటనే కాబోలుననుకొంటిమి. కాదు, మటమట చల్లగానే యున్నది. బుగ్గలకు ఇంకొక గంట ప్రయాణము కలదు. మటమటకు సమీపమున నున్నది సినిమా యూరు. దానిపేరు హాబిటన్.

టోల్కిన్ అను ఆంగ్ల గ్రంథకర్త 1937లో ఒక కథయు, 1954, 1955 సంవత్సరములలో దానికి కొనసాగింపుగా మూడు సంపుటముల మహాకథయు ప్రకటించెను. అందు హాబిట్లను పొట్టి మనుష్యులు గుట్టల కడుపులలో గుండ్రని తలుపులుగల యిండ్లు కట్టుకొని, తోటపని చేసికొనుచు, కడుపునిండ తినుచు, యుద్ధముల జోలికి పోక బ్రదుకుచుందురు. ఆ కథను తెరపై చూపదలచిన పీటర్ జాక్సన్ అను దర్శకుడు 1998లో విమానమునుండి వెదకి వెదకి, అలెగ్జాండరు కుటుంబమువారి 1,250 ఎకరముల పశువుల క్షేత్రమును చూచెను. తీగ స్తంభములు గాని, రోడ్లు గాని, క్రొత్త కట్టడములు గాని కంటబడని మిట్టపల్లములు అవి. 1999లో సైనికులు వచ్చి ఒకటిన్నర కిలోమీటరు రోడ్డు వేసిరి. కఱ్ఱతోను, ప్లైవుడ్డుతోను 39 ఇండ్ల ముంగిళ్ళు కట్టిరి. 2001 నుండి 2003 వఱకు ఏటికొకటిగా మూడు చిత్రములు వెలువడినవి. పని తీరగానే ఊరిని పీకివేయసాగిరి. కాని మిగిలిన వట్టి చెక్కముఖములను చూచుటకైనను జనులు రాసాగినందున 2002లోనే చూపుట మొదలయినది. తరువాత మరి మూడు చిత్రములకొరకు 2009 మొదలు 2011 వఱకు ఊరినంతయు చెడని సామగ్రితో తిరిగి కట్టిరి. చుట్టును నేటికిని గొఱ్ఱెలు మేయుచునే యున్నవి.

లోనికి మన యిష్టము వచ్చినట్లు పోరాదు. అచ్చటివారి బస్సులోనే, అచ్చటి మార్గదర్శినితోనే పోవలయును. మాకు దొరికినది ఇరువదేండ్ల చురుకైన చిన్నది. పచ్చని గుట్టలో ఎఱ్ఱనివి, పసుపువి, నీలివి నలువదికి పైగా గుండ్రని తలుపులు. ఒక్కొక్క తలుపుముందు ఒక్కొక్క తోట. కిటికీలో జాడీలు, గడపకడ చీపురు, తీగపై ఆరవేసిన చిన్నచిన్న బట్టలు. కొన్ని తలుపులు మనిషికి సరిపోవునంతవి, కొన్ని మోకాలిపైకి వచ్చునంతవి. పెద్ద తలుపు ముందు నిలిచిన నటుడు పొట్టివాడుగా కనబడును. చిన్న తలుపు ముందు నిలిచినవాడు పొడగరి యగును. ఇదియే వారి కనికట్టు. గుట్టకొననున్న సింధూరవృక్షము మొదటిమారు నిజముగా కొట్టి తెచ్చి నిలిపి, ఆకులు కట్టినది. ఇప్పుడున్నది ఇనుమును సిలికోనును కలిపి చేసినది. ఆకులన్నియు కృత్రిమములు.

వీనిలో మమ్ములను పట్టి నిలిపినది ఆ బట్టలతీగ. తలుపునుండి తీగవఱకు పచ్చికలో సన్నని కాలిబాట యున్నది. దర్శకుడు ఆ బాట నిజముగా నడచిన బాటవలె కనబడవలయునని కోరినందున, పనివారు ప్రతిదినమును అటునిటు నడచి గడ్డి నలిగించిరని ఆ చిన్నది చెప్పెను. మాకు నవ్వు వచ్చినది. వెంటనే నవ్వు ఆగినది. మన పెరళ్ళలో బావినుండి వంటింటికిని, వంటింటినుండి దండెమునకును పడిన బాటలను ఎవరైన చూచినారా? ఒక యిల్లాలు ముప్పదియేండ్లు నడచిన జాడ లేనిచో అది ఇల్లువలె తోపదని, కోట్లు వ్యయము చేసి చిత్రము తీయువాడు గ్రహించినాడు.

ఇట్లు తలపోయుచు తలయెత్తి చూతుముగదా, మా గుంపు లేదు! ముందునకు సాగిపోయిరి. చుట్టును నలువది తలుపులు. తట్టినను పలుకువారు లేరు; వానివెనుక గుట్టయే గాని గదులు లేవు. ఇంటిలోపలి దృశ్యములన్నియు వెల్లింగ్టను నగరమునందలి చిత్రశాలలో తీసినవి. 2023 డిసెంబరు నుండి ఒక వరుసలోని యిండ్లకు మాత్రము లోపలి గదులు అమర్చి చూపుచున్నారు. ఆ నిమిషమున మాకు తోచినదేమనగా, ఆక్లండులో మా వీధియు మాకు ఇట్టిదే. అందమైన తలుపులు, లోపల ఎవరున్నారో తెలియదు. ఇంతలో ఆ చిన్నది లెక్క తగ్గినదని వెనుకకు పరుగెత్తుకొని వచ్చి, చేయి పట్టుకొని, "మిమ్ములను విడిచి పోము" అనెను. తప్పిపోవుదుమేమోయను భయము అచ్చటితో తీరినది. చివరకు ఊరి చావడివంటి భోజనశాలలో ఎల్లరకును పానీయమిత్తురు. మద్యము వలదన్నవారికి అల్లముతో చేసిన తియ్యని పానీయము కలదు. అది మన శొంఠికషాయమునకు చక్కెర యెక్కువైన చెల్లెలు.

అచ్చటినుండి గంటసేపటికి రోటోరువా. ఊరు కనబడకముందే వాసన వచ్చినది. నేలలోనుండి వెలువడు గంధకపు వాయువు అది. మురిగిన గ్రుడ్డు వాసనవలె నుండును. పావుగంటలో ముక్కునకు అలవడును గాని, వెండికి అలవడదు. సాయంకాలమునకు మా మెట్టెలు మబ్బుపట్టినవి. ఇంటికి వచ్చి విబూదితో తోమవలసి వచ్చినది. వెండినగలు ఇంట నుంచిపోవుట మేలు.

ఈ వేడి ఎచ్చటిదని అడుగుదురేమో. భూమి పైపెంకు పెద్ద పెద్ద పలకలుగా నున్నది. ఆ దేశమునకు తూర్పున పసిఫికు పలక ఆస్ట్రేలియా పలకక్రిందికి దూరుచున్నది. తనతో కూడ సముద్రపునీటిని లోతునకు గొనిపోవుటచే అచ్చటి రాయి తేలికగా కరగి పైకి వచ్చును. ఆ కరగిన రాతి వేడిమికి వాననీరు క్రిందనే క్రాగును. సన్నని పగులులో నిలిచిన నీటిపై మరియొక నీటి బరువుండుటచే, అది నూరు డిగ్రీలు దాటినను మరుగక యుండును. మన వంటింటి కుక్కరులో జరుగునదియు ఇదే. పైనీరు కొంచెము పొరలిపోగానే బరువు తగ్గి, క్రిందినీరు ఒక్కసారిగా ఆవిరియై సమస్తమును పైకి చిమ్మును. ఇట్లు చిమ్ము బుగ్గకు ఐసులండు దేశపు బుగ్గయొక్క పేరునుబట్టి గీజరు అను పేరు వచ్చినది. మన స్నానపుగదులలో నీళ్ళు కాచు యంత్రమునకు వాడుకొనుచున్న పేరు అదే.

మేము పోయినది ఫకరేవరేవ యను మావోరీ పల్లె. అది చూపుటకు కట్టిన యూరు కాదు, కాపురములున్న యూరు. ఇండ్లనడుమనుండి ఆవిరి లేచుచుండును. కొన్నిచోట్ల బురద, కుండలో గంజివలె, బుడబుడ ఉడుకుచుండును. నేల వేడియగుటచే సమాధులను సయితము నేలపైననే కట్టుదురు. దొడ్డిలో ఆవిరి వచ్చు రంధ్రముపై చెక్కపెట్టె నమర్చి, అందు కూరలును మాంసమును పెట్టి మూతవేసిన, కట్టెయు లేక, గ్యాసును లేక వంట యగును. పరేకొహురు అను మడుగు స్వచ్ఛమైన నీలపునీటితో సలసల కాగుచుండును. అందులో సంచికట్టి ముంచి తీసిన మొక్కజొన్న పొత్తులు మాకు పెట్టిరి. పులిహోరతో కలిపి తింటిమి. మేము ఆ దేశమున అంతవఱకు తిన్న తిండ్లలో అంత రుచియైనది లేదు. వారివైపు కట్టుబాటొకటి కలదు: చూడవచ్చినవారు పోయిన పిదప, సాయంకాలము, ఊరివారెల్లరును ఆ మడుగునీరే కాలువలద్వారా తొట్లకు వదలి చల్లార్చుకొని స్నానము చేయుదురు. అది వారి యిల్లు. వీక్షకులకు అందు పని లేదు.

మమ్ములను నడిపించినది ఏబదియేండ్ల స్త్రీ. ఆమె ఆ పల్లెలోనే పుట్టినది. "కియా ఓర" యని ఎదురు వచ్చి పలుకరించి, మొదట తన పూర్వులనుగూర్చి చెప్పెను. దారిచూపుట అచ్చట స్త్రీల వృత్తి. దానివెనుక పెద్ద కథ కలదు.

రోటోరువాకు ఆగ్నేయమున తరవేర యను అగ్నిపర్వతము కలదు. దాని సమీపమున వేడినీటివలన రాయిపేరి యేర్పడిన గులాబివన్నె, తెల్లవన్నె సోపానములను చూచుటకు పందొమ్మిదవ శతాబ్దమున దూరదేశములవారు వచ్చుచుండిరి. వారిని పడవలో తీసికొనిపోయి చూపువారిలో సోఫియా హినెరంగి యను స్త్రీ ప్రసిద్ధురాలు. ఆమె పదునేడుగురు బిడ్డల తల్లి. 1886 జూన్ 10వ తేదీ తెల్లవారకముందు పర్వతము పగిలినది. సోపానములు నాశమైనవి. సుమారు 120 మంది మృతినొందిరి. వారి పల్లెయగు తే వైరోవాపై బురదయు బూడిదయు కురిసి యిండ్లు కూలిపోవుచుండగా, సోఫియా యింటి వాలుకప్పు నిలిచినది. ఆ యింట అరువదిమందికి పైగా తలదాచుకొని బ్రదికిరి. నిలువనీడ లేని ఆ జనులను ఫకరేవరేవలోని బంధువులు చేరదీసి చోటిచ్చిరి. సోఫియా మరల అచ్చట దారిచూపు పనియే చేపట్టి, క్రొత్త తరమునకు నేర్పెను.

ఆ క్రొత్త తరమున మాకెరెతి యను చిన్నది కలదు. ఆమె 1873లో జన్మించెను. ఒకనాడు వచ్చినవారెవరో "నీ యింటిపేరేమి?" అని అడుగగా, ఆమె చుట్టును చూచి, దగ్గర చిమ్ముచున్న పపకుర యను గీజరు పేరే తన యింటిపేరని చెప్పినది. నాటినుండి ఆమె మాకెరెతి పపకుర యైనది. 1901లో బ్రిటిషు యువరాజదంపతులు వచ్చినప్పుడు వారికి దారిచూపినదియు ఆమెయే. పిమ్మట ఇంగ్లండున వివాహమాడి, ఆక్సుఫర్డు విశ్వవిద్యాలయమున మానవశాస్త్రము చదివి, తన జనుల పెండ్లిండ్లు, బిడ్డల పెంపకము, తిండి, ఇండ్లు, వీనినిగూర్చి తాను ఎరిగినదానిని గ్రంథముగా వ్రాసెను. దానిని సమర్పించు పరీక్షకు కొన్ని వారములముందు, 1930లో, మరణించెను. ఆమె గ్రంథము 1938లో అచ్చయినది. 2025లో, తొంబదియైదేండ్ల తరువాత, ఆ విశ్వవిద్యాలయము ఆమెకు పట్టమిచ్చినది. ఆ పల్లె స్త్రీలలోనే రంగి యనునామె 1943లో అమెరికా అధ్యక్షుని భార్య ఎలినార్ రూజువెల్టుకు దారిచూపినది. రంగి యని వినగానే మా వీధిలోని రంగమ్మగారు కన్నులముందు మెదలినది.

ఇంటిపేరిచ్చిన ఆ గీజరు గతి యేమైనదని మేము అడిగితిమి. మార్గదర్శిని ఒక క్షణము ఊరకుండి చెప్పినది. రోటోరువా పట్టణమున ఇండ్లవారును హోటళ్ళవారును నేలలో గొట్టములు దింపి వేడినీరు తోడుకొనసాగిరి. ఒక్కొక్క యింటికి కావలసినది కొంచెమే: స్నానమునకు, చలికాలమున గది వెచ్చచేసికొనుటకు. కాని కొంచెము కొంచెమే కలిసి, నేలలోని నీటిమట్టము పడిపోయినది. నూరేండ్లకు పైగా చిమ్ముచుండిన పపకుర గీజరు 1979లో నిలిచిపోయినది. అప్పుడు ప్రభుత్వమువారు మేలుకొని, 1986, 1987 సంవత్సరములలో పెద్ద గీజరుకు ఒకటిన్నర కిలోమీటరులోపల నున్న గొట్టములనెల్ల మూయించిరి. ఎన్నో యిండ్లవారు కష్టపడిరి, కోపగించిరి. నీటిమట్టము మెల్లగా పెరిగినది. ముప్పదియారేండ్ల మౌనము తరువాత, 2015లో, పపకుర మరల చిమ్మినది.

మన వీధులలో ఒకరు లోతుగా బోరు వేసిన ప్రక్కయింటి బావి యెండిపోవుట మనకు తెలియని సంగతి కాదు. "మాది ఒక్క బిందెయేగదా" యని ఎల్లరును అనుకొందుము. వారి వేడినీటి కథలో మా చల్లనీటి కథ కనబడి, మేమును అదే మాట ఆమెతో చెప్పితిమి. ఆమె ఆగి విని, మా యూరిని గూర్చి నాలుగు ప్రశ్నలు వేసినది. ఉదయమునుండి మేము ప్రశ్నించువారము. ఆ క్షణమున మాత్రము చెప్పువారమైతిమి. అంతలో చప్పుడు వినబడినది. పోహుతు లేచినది. అది గంటకు ఒకటి రెండుమారులు, ముప్పది మీటర్ల యెత్తువఱకు చిమ్మును. ఎండలో తెల్లని నీరు పైకి లేచి, గాలికి వంగి, తుంపరగా రాలినది. ఎవరును మాటలాడలేదు.

ఇక పోదలచినవారికి కొన్ని మాటలు. పండ్రెండుమందికి మించని గుంపును వెదకుడు. ప్రవేశపు రుసుము టిక్కెట్టులో చేరినదో లేదో ముందే అడుగుడు. హాబిటనుకు ముందుగానే చోటు నిర్ణయించుకొనవలయును. రెండు తావులలోను నడక కలదు గనుక చీర కొంచెము ఎత్తికట్టి, మడమ గట్టిగానున్న బూట్లు తొడుగుకొనుడు. మోకాళ్ళ నొప్పులున్నవారు ఎంత నడక, ఎన్ని మెట్లు అని తెలిసికొనుడు. బండిలో కడుపు తిప్పువారు ముందు వరుస అడిగి పుచ్చుకొనుడు. ఉబ్బసమున్నవారు వైద్యుని సలహా లేక గంధకపు పొగలలోనికి పోరాదు. చెక్కబాట విడిచి అడుగు వేయరాదు. పైకి గట్టిగా కనబడు నేల ఒక్కొక్కచోట అప్పడమువలె పలుచన, దానిక్రింద మరుగునీరు. వేడిమడుగులలో దిగుటకు అనుమతియున్న చోట్లనైనను తల ముంచరాదని అచ్చటి ఆరోగ్యాధికారులు హెచ్చరింతురు. ముక్కుద్వారా ప్రవేశించు ప్రాణాంతకమగు సూక్ష్మజీవి వానిలో నుండవచ్చును. ఊరివారి యింటి ముంగిట నిలిచి, అడుగక ఛాయాచిత్రములు తీయకుడు. మన వాకిట ముగ్గు వేయుచుండగా పదునొకండుగురు వచ్చి నిలుచుందురేని మనకెట్లుండునో, అట్లే వారికిని.

ఖర్చు తక్కువ కాదు. కాని ఆరుమాసముల విమానపు టిక్కెట్టు కొని, ఒక్కదినపు వాను టిక్కెట్టునకు వెనుదీయుట, పెండ్లికి పోయి పందిరి చూడక వంటశాలలోనే కూర్చుండి వచ్చినట్లు. కూతుండ్రును కోడండ్రును ఈ పుట చదువుచున్నచో వారికిని ఒక మాట: "నీకు చూడవలెనని యున్నదా?" అని అమ్మను అడుగకుడు. లేదనియే యనును. "చూచి వచ్చి నాకు చెప్పుము" అనుడు.

ఇల్లు చేరునప్పటికి రాత్రి ఎనిమిది గంటలు కావచ్చినది. పసివాడు నిద్రపోయినాడు. అమ్మాయి అన్నము వడ్డించుకొని మా యెదుట కూర్చుండినది. నాలుగేండ్లుగా ఆ దేశమునగూర్చి తాను చెప్పుటయు, మేము వినుటయు. ఏ బస్సు ఎక్కవలయునో, ఏ మీట నొక్కవలయునో తానే చెప్పవలసినది. ఆనాడు మొదటిమారు మేము చెప్పితిమి, తాను వినినది. బట్టలతీగ బాటను చెప్పితిమి. సోఫియా కప్పును చెప్పితిమి. గీజరు పేరు పెట్టుకొనిన పిల్లను, ఆ గీజరు ఎండుటను, మరల లేచుటను చెప్పితిమి. అన్నము చల్లారిపోయినది.

మరునాడు ఉదయము బట్టలు ఆరవేయుటకు పెరటిలోనికి పోయినప్పుడు, కంచె అవతల ఎదురింటి యామెయు బట్టలే ఆరవేయుచుండెను. రెండున్నర మాసములుగా ఆమెను కిటికీలోనుండి చూచుచుంటిమి. ఆ దినమున కంచె దగ్గరకు పోయి, "కియా ఓర" అంటిమి. ఆమె చేతిలోని గుడ్డను తీగపై వేసి, ఇటు వచ్చినది.